పాత హారర్ సినిమా రివ్యూ రాసే ముందు ఏ ప్రింట్ చూశారో చెప్పండి

ఎడిటర్ గారికి నమస్కారం అండి,

అక్టోబర్ మొదటి వారం నుంచి మీ ఆదివారం సినిమా పేజీలో హాలోవీన్ సందర్భంగా పాత హారర్ సినిమాల మీద రివ్యూలు వేస్తున్నారు కదా, ఒక్క వారం కూడా వదలకుండా చదువుతున్నాను. ముందు థాంక్స్ చెప్పాలి, ఎందుకంటే వందేళ్ళ నాటి మూకీ సినిమా గురించి తెలుగులో అరపేజీ ఎవరు వేస్తారండి ఈ రోజుల్లో, అది చూసి నాకు ఎంత సంతోషం వేసిందో చెప్పలేను. నేను ఈ సినిమాలని ఇరవై ఏళ్ళుగా చూస్తున్నదాన్ని, ప్రతి అక్టోబర్‌లో కొన్ని మళ్ళీ వేసుకుని చూస్తా. అంత ఇష్టం కాబట్టే ఈ ఉత్తరం రాయకుండా ఉండలేకపోయాను.

మొదటి వారం నోస్ఫెరాటు రివ్యూలో ఒక మాట రాశారు. ఎండ తగిలితే చచ్చిపోయే రక్తపిశాచి పట్టపగలు శవపేటిక మోసుకుంటూ ఊరి వీధుల్లో తిరుగుతుంటే నవ్వొచ్చింది, అప్పట్లో లాజిక్ ఎవరూ పట్టించుకునేవాళ్ళు కాదేమో అని. అది చదవగానే పేపర్ పక్కన పెట్టేశా. ఎందుకంటే అది సినిమా తప్పు కాదండి, రివ్యూ రాసినాయన చూసిన కాపీ తప్పు.

ఆ సినిమా జర్మన్ డైరెక్టర్ ముర్నావ్ తీశాడు, 1922లో వచ్చింది. అప్పటి ఫిల్మ్‌కి చాలా వెలుతురు కావాల్సి వచ్చేది, రాత్రిపూట బయట అంత పెద్ద వీధి సీన్లు తీయడం చాలా కష్టం, అందుకని ఎండలోనే తీసేసి ఆ తర్వాత ప్రింట్‌కి నీలం రంగు పట్టించేవాళ్ళు. తెర నీలంగా ఉందంటే రాత్రి అని అప్పటి ప్రేక్షకులకి ఎవరూ చెప్పక్కర్లేదు. పగలు, ఇంట్లో దీపం వెలుతురు అయితే పసుపు, తెల్లవారుజాము అయితే గులాబీ. అంటే టైమ్ ఎంతయిందో రంగే చెప్పేది. తర్వాత ఎవరో నలుపు తెలుపులో కాపీ తీశారు, ఆ కాపీకి ఇంకో కాపీ తీశారు, అలా తీసుకుంటూ పోయేసరికి రంగు మొత్తం పోయి రాత్రి కాస్తా పగలైపోయింది. ఆన్‌లైన్లో ఫ్రీగా దొరికేవాటిలో అలాంటి కాపీలు చాలానే ఉంటాయి.

ఇంకో విషయం చూడండి. ఎండ తగిలితే రక్తపిశాచి చస్తుంది అనే రూలు అసలు పుట్టిందే ఈ సినిమాలో. (మీ రివ్యూలో ఎలాగూ చెప్పేశారు కాబట్టి ఇక్కడ నేనూ చెప్తున్నా, లేకపోతే చెప్పేదాన్ని కాదు.) ఈ సినిమాకి ఆధారమైన, 1897లో వచ్చిన బ్రామ్ స్టోకర్ నవల్లో డ్రాకులా పగలు కూడా బయటికొస్తాడు, కాకపోతే అప్పుడు శక్తులు తగ్గుతాయి అంతే. అలాంటిది ఆ రూలు కనిపెట్టిన సినిమావాళ్ళే ఆ రూలుని మర్చిపోయారు అంటే ఎలా ఒప్పుకోవాలి?

స్పీడు సంగతి కూడా అంతే. మూకీల రోజుల్లో కెమెరా చేత్తో తిప్పేవాళ్ళు, సెకనుకి 16, 18, 20 ఫ్రేములు అలా ఉండేది, టాకీలు వచ్చాక 24కి స్థిరపడింది. పాత మూకీని 24లో వేసేస్తే మనుషులు చకచకా బొమ్మల్లా నడుస్తారు, ఎవరికైనా నవ్వు రాదా మరి. "నటుల కదలికలు కామెడీగా ఉన్నాయి" అని మీ రివ్యూలో ఉన్న లైను బహుశా అక్కడి నుంచి వచ్చిందే అనుకుంటున్నా. ఈ సినిమాలో కావాలనే స్పీడు పెంచిన సీను ఒకటుంది, కోట నుంచి వచ్చే గుర్రబ్బండి సీను, అది కుదుపులు కుదుపులుగా పరిగెడుతూ వస్తుంది, తర్వాత ఒక్కసారిగా బొమ్మ మొత్తం నెగెటివ్‌గా మారిపోతుంది, చెట్లు తెల్లగా, ఆకాశం నల్లగా. మిగతా సినిమా అంతా మామూలు నడకలో ఉంటేనే ఆ బండి ఈ లోకానిది కాదు అనిపిస్తుంది, అంతా ఒకే స్పీడులో పరిగెడుతుంటే ఆ సీనుకి విలువేముంది.

నాకు ఇంత కచ్చితంగా ఎలా తెలుసంటే నేను కూడా మొదట చూసింది అలాంటి కాపీనే. చిన్న స్క్రీన్ మీద, మొహాలు తెల్లగా పాలిపోయి, దాని మీద ఎవరో సంబంధం లేని పియానో మ్యూజిక్ అతికించారు, గంటసేపు చూసి ఆపేశా, ఏముంది ఇందులో అందరూ ఇంత పొగుడుతున్నారు అనుకున్నా. కొన్నేళ్ళ తర్వాత రీస్టోర్ చేసిన ప్రింట్, రంగులతో, సరైన స్పీడుతో చూశా. ఓడలో ఆ రక్తపిశాచి నిటారుగా లేచే సీను, మెట్ల మీద ఆ నీడ పైకెక్కడం, చెయ్యి నీడ మాత్రమే అంత పొడుగ్గా సాగడం... లైటు వేసుకుని పడుకున్నానండి ఆ రాత్రి. సినిమా మారలేదు, నేనూ పెద్దగా మారలేదు, ప్రింట్ ఒక్కటే మారింది.

అసలు ఈ సినిమా మనకి మిగలడమే గొప్ప. స్టోకర్ నవల హక్కులు కొనకుండా పేర్లు మార్చి తీశారు, స్టోకర్ భార్య ఫ్లోరెన్స్ కోర్టుకెళ్ళింది, 1925లో కాపీలన్నీ నాశనం చెయ్యమని తీర్పొచ్చింది. ఈలోపు వేరే దేశాలకి వెళ్ళిపోయిన కొన్ని ప్రింట్లు ఎక్కడెక్కడో దాక్కుని బతికాయి. అందుకే ఒక్కో చోట ఒక్కో రకం కాపీ, ఒకదాంట్లో ఉన్న సీను ఇంకోదాంట్లో ఉండదు. ఏళ్ళ తరబడి వాటిని వెతికి ముక్క ముక్క కలిపి బాగుచేసినవాళ్ళు ఉన్నారు. వాళ్ళ కష్టం పక్కనే ఉండగా పాడైపోయిన కాపీ చూసి మార్కులు వేస్తే మనసుకి కష్టంగా ఉంటుంది.

ఇది ఒక్క సినిమాతో పోయేది కూడా కాదు. ఫ్రాంకెన్‌స్టైన్ తీసుకోండి, 1931, జేమ్స్ వేల్ డైరెక్షన్. చెరువు పక్కన ఒక చిన్న పాప, శవాల ముక్కలతో చేసిన ఆ జీవిని చూసి భయపడకుండా ఆడుకుందాం రా అంటుంది, ఇద్దరూ పూలు నీళ్ళలోకి విసురుతుంటారు, అవి తేలుతుంటే వాడి మొహంలో ఎంత ఆనందమో. చేతిలో పూలు అయిపోతాయి. పూలు తేలాయి కదా, పాప కూడా అంత అందంగా తేలుతుంది అనుకుని ఎత్తి నీళ్ళలో వేసేస్తాడు. పాప తేలదు. అప్పుడు వాడు పడే కంగారు చూస్తే గుండె తరుక్కుపోతుంది. వాడికి చెడ్డబుద్ధి లేదు, తెలీదు అంతే. ఈ ముక్క క్రూరంగా ఉందని సెన్సార్‌వాళ్ళు కత్తిరించారు, మళ్ళీ దొరికి సినిమాలో కలిసింది 1980లలో. మధ్యలో అన్నేళ్ళు జనం చూసింది ఏంటంటే వాడు పాప వైపు చేతులు చాచడం వరకే, తర్వాత తండ్రి పాప శవాన్ని ఎత్తుకుని ఊళ్ళోకి రావడం. మధ్యలో ఏం జరిగి ఉంటుందో ఎవరికి వాళ్ళు ఊహించుకోవాల్సిందే, ఆ ఊహ ఎక్కడికి పోతుందో చెప్పక్కర్లేదు. క్రూరత్వం తగ్గిద్దామని కోసిన కోత వాణ్ణి ఇంకా పెద్ద రాక్షసుణ్ణి చేసింది. కాబట్టి ఫలానా సీను ఉన్న కాపీ చూశాను అని రివ్యూలో ఒక్క లైను ఉంటే చదివేవాడికి ఎంత ఉపయోగమో ఆలోచించండి.

ఆ జీవి పాత్ర వేసిన బోరిస్ కార్లాఫ్ గురించి ఒక్క మాట చెప్పకుండా ముందుకి పోలేను. సినిమా మొదట్లో పేర్లు పడేటప్పుడు ఆ పాత్ర ఎదురుగా పేరు ఉండదు, ఒక ప్రశ్నార్థకం ఉంటుంది అంతే. జాక్ పియర్స్ అనే మేకప్‌మ్యాన్ గంటల తరబడి కూర్చోబెట్టి చేసిన మేకప్ అది, అంత మందం కింద కూడా ఆ కళ్ళు ఏడుస్తుంటాయి. నాకు తెలిసి హారర్‌లో ఇంతకంటే మంచి నటన లేదు, ఎవరేమన్నా సరే.

డ్రాకులా కూడా అదే ఏడాది, 1931. అందులో బ్యాక్‌గ్రౌండ్ మ్యూజిక్ లేదు కాబట్టి డల్‌గా ఉంది అని మీ రివ్యూలో అన్నారు. నిజమే, మొదట్లో టైటిల్స్ మీద చైకోవ్‌స్కీ స్వాన్ లేక్ ముక్క వస్తుంది, ఆ తర్వాత దాదాపు నిశ్శబ్దమే. టాకీలు కొత్తగా వచ్చిన రోజులు అవి. ఆ నిశ్శబ్దంలో డ్రాకులా వేసిన బేలా లుగోసీ ఒక్కో మాట తీరిగ్గా పలుకుతుంటే మధ్యలో వచ్చే ఖాళీలే నాకు ఎక్కువ భయం. సినిమా రెండో సగం నాటకంలా కూర్చుండిపోతుంది, అది నేనూ ఒప్పుకుంటా. అదే సెట్లలో రాత్రిపూట వేరే నటులతో స్పానిష్‌లో ఇంకో డ్రాకులా తీశారు, కెమెరా కదలికలు చూస్తే అదే బాగుంటుంది, కానీ అందులో లుగోసీ లేడు కదా. రెండూ చూసి పక్కపక్కన పెట్టి రాస్తే ఎంత మంచి వ్యాసం అవుతుందో.

ఇప్పుడు అసలు నాకు నచ్చనిది, ఆ భయం మార్కులు. ప్రతి రివ్యూ కింద "ఇప్పుడు చూస్తే భయమేస్తుందా" అని 5కి ఇన్ని అని వేస్తున్నారు. క్యాట్ పీపుల్‌కి 5కి 1 వేసి చిరుత సరిగా కనపడనే లేదు అని రాశారు. అయ్యో, కనపడకపోవడమే ఆ సినిమా అండి! 1942లో వాల్ ల్యూటన్ అనే నిర్మాతకి స్టూడియో పెట్టిన షరతులు ఏంటంటే బడ్జెట్ లక్షా యాభై వేల డాలర్లు దాటకూడదు, నిడివి 75 నిమిషాలు దాటకూడదు, టైటిల్ మాత్రం స్టూడియోనే ఇస్తుంది. ఆ టైటిల్ చేతికిచ్చి సినిమా తీయమన్నారు. అతను, డైరెక్టర్ జాక్ టూర్నర్ కలిసి ఏం చేశారంటే భయాన్ని నీడల్లోకి, చప్పుళ్ళలోకి నెట్టేశారు. ఒకమ్మాయి రాత్రి పార్కు పక్క రోడ్డు మీద ఒంటరిగా నడుస్తుంటుంది, వెనకాల ఇంకో జత హైహీల్స్ టకటక, ఒక దీపం నుంచి ఇంకో దీపం దాకా, ఉన్నట్టుండి ఆ వెనక చప్పుడు ఆగిపోతుంది. మ్యూజిక్ లేదు. అమ్మాయి నడక పరుగవుతుంది. అప్పుడు ఒక్కసారిగా బుస్సుమని చప్పుడు... వచ్చింది బస్సు! మామూలు బస్సు, ఎయిర్ బ్రేకు చప్పుడు. అప్పటి నుంచి ఉత్తుత్తి బెదిరింపుతో ప్రేక్షకుణ్ణి ఉలిక్కిపడేలా చేసే పద్ధతికి సినిమావాళ్ళు ల్యూటన్ బస్ అని పేరు పెట్టుకున్నారు. ఇవాళ ఏ హారర్ సినిమా చూసినా పిల్లి దూకడమో తలుపు కొట్టుకోవడమో ఉంటుంది కదా, వాటన్నిటికీ తల్లి ఆ బస్సు. దానికి 5కి 1 ఇవ్వడం అన్యాయం అనిపించింది. అందులోనే ఈతకొలను సీను ఇంకా బాగుంటుంది, నీళ్ళ మీద వెలుతురు గోడల మీద, పైకప్పు మీద కదులుతుంటుంది, గుర్రుమనే చప్పుడు ఎటు నుంచి వస్తోందో తెలీదు.

ల్యూటన్ దగ్గర పని నేర్చుకున్న రాబర్ట్ వైజ్ 1963లో ది హాంటింగ్ తీశాడు, అది మీ లిస్టులో లేదు, దయచేసి పెట్టండి. అందులో దెయ్యం అనేది ఒక్క ఫ్రేములో కూడా కనపడదు. మా అమ్మాయి కాలేజీలో చదువుతోంది, బ్లాక్ అండ్ వైట్ అంటేనే ఆమడ దూరం పోయేది, కిందటేడు పట్టుబట్టి కూర్చోబెట్టా. లైట్లన్నీ ఆపేశాం, ఫోన్లు వేరే గదిలో పెట్టేశాం. మొదటి అరగంట కాస్త విసుక్కుంది. తర్వాత ఒక చెక్క తలుపు ఉంటుంది అందులో, అవతల నుంచి ఏదో నొక్కుతున్నట్టు అది మెల్లగా లోపలికి ఉబ్బుతుంది, ఊపిరి తీసుకుంటున్నట్టు. అప్పుడు మా అమ్మాయి చీకట్లో నా చెయ్యి పట్టుకుంది, నేను ఉలిక్కిపడ్డా. ఎందుకు ఉలిక్కిపడ్డానో ఆ సినిమా చూసినవాళ్ళకి తెలుస్తుంది, చూడనివాళ్ళకి నేను చెప్పను. అలాంటి సినిమాని ఒక చేత్తో ఫోను చూసుకుంటూ చూసి మార్కులు వేస్తే ఎన్ని వస్తాయి చెప్పండి.

చెప్పను అన్నాను కదా, అది కూడా మీతో మాట్లాడాలి. సైకో రివ్యూలో హెడ్డింగ్ కిందే, పెద్ద అక్షరాల్లో, అసలు రహస్యం వేసేశారు. అరవై ఏళ్ళు దాటిన సినిమా అందరికీ తెలుసులే అనుకుని ఉంటారు. కానీ మీ పేజీ చదివే పదిహేడేళ్ళ పిల్లాడికి అది కొత్త సినిమానే కదండీ. 1960లో హిచ్‌కాక్ ఆ సినిమా మొదలయ్యాక హాల్లోకి ఎవరినీ రానివ్వొద్దని రూలు పెట్టాడు, చూసినవాళ్ళు క్లైమాక్స్ బయట చెప్పొద్దని అడిగాడు. అంత జాగ్రత్తగా దాచినదాన్ని మనం ఉచితంగా పంచిపెట్టడం ఏంటి. రాయడానికి ఇంకా ఎంతో ఉంది అందులో. టీవీ సీరియల్ టీమ్‌తో, తక్కువ ఖర్చుతో, బ్లాక్ అండ్ వైట్‌లో తీశాడు, ఆ స్నానం సీను మూడు నిమిషాలే కానీ వారం రోజులు పట్టింది, నెత్తురు స్థానంలో చాక్లెట్ సిరప్ వాడారు, ఆ సీనుకి హిచ్‌కాక్ మొదట మ్యూజిక్ వద్దన్నాడు, మ్యూజిక్ డైరెక్టర్ బెర్నార్డ్ హెర్మన్ వినకుండా వయొలిన్లు కోసేసినట్టు వాయించి వినిపించాక ఒప్పుకున్నాడు. సినిమా మొత్తం మ్యూజిక్ తీగ వాద్యాలతోనే, ఒక్క డ్రమ్ము కూడా లేదు. ఇవన్నీ రాసినా కథ బయటపడదు.

హాలోవీన్ అనే సినిమా రివ్యూ మాత్రం చాలా బాగా రాశారు, అది చెప్పకపోతే తప్పు. 1978లో జాన్ కార్పెంటర్ సుమారు మూడు లక్షల డాలర్లతో తీసిన ఆ సినిమాలో నెత్తురు ఎంత తక్కువో, ఖాళీ ఫ్రేములు ఎంత ఎక్కువో మీవాళ్ళు గమనించి రాశారు, అదీ రివ్యూ అంటే. అందులో హంతకుడు పెట్టుకునే మాస్కు స్టార్ ట్రెక్ కెప్టెన్ కిర్క్ మాస్కు అని, దానికే తెల్లరంగు వేశారని కూడా రాశారు. దానికి నేను ఒకటి కలుపుతా, ఆ సినిమా తీసింది వసంతకాలంలో కాలిఫోర్నియాలో, కథేమో అక్టోబర్ చివర్లో ఇల్లినాయ్‌లో, అందుకని ఎండుటాకులు రంగు వేసి తయారుచేసుకున్నారు, ఒక షాట్ అయ్యాక మళ్ళీ అవే ఏరుకుని ఇంకో వీధిలో పోసేవాళ్ళు. ఇక ఆ మ్యూజిక్, కార్పెంటరే చేశాడు, వాళ్ళ నాన్న సంగీతం మాస్టారు, చిన్నప్పుడు బాంగోల మీద నేర్పిన అయిదు లెక్క అది, మన ఖండచాపు లాగా. నాలుగు దెబ్బలకి అలవాటైన చెవికి ఆ అయిదోది ఎప్పుడూ ఒక అడుగు ఎక్కువ పడినట్టే ఉంటుంది, వెనకాల ఎవరో నడుస్తున్నట్టు.

ది ఎక్సార్సిస్ట్ గురించి ఎక్కువ రాయను, అందరికీ తెలిసిందే. కాకపోతే 1973లో విడుదలైనది వేరు, 2000లో పది నిమిషాలకి పైగా కొత్త ముక్కలు కలిపి వదిలింది వేరు. మీ రివ్యూలో మెట్ల మీద ఆ అమ్మాయి తలకిందులుగా దిగే సీను అద్భుతం అన్నారు కాబట్టి మీరు చూసింది రెండోదని నాకు అర్థమైంది, తెలియనివాళ్ళు మొదటిది పెట్టుకుని ఆ సీను కోసం చివరిదాకా ఎదురుచూస్తారు. సౌండ్‌కి ఆస్కార్ వచ్చిన సినిమా కూడా అది, ఫోన్ స్పీకర్‌లో వినొద్దని ఒక్క మాట రాసి ఉంటే బాగుండేది.

కిందటి ఆదివారం పేజీ చివర్లో వచ్చే వారం నైట్ ఆఫ్ ది లివింగ్ డెడ్ అని వేశారు. ఈ ఉత్తరం ఇంత తొందరగా రాయడానికి అసలు కారణం అదే. 1968లో జార్జ్ రొమేరో ఆ సినిమాని లక్ష డాలర్ల పైచిలుకుతో తీశాడు. విడుదలకి ముందు టైటిల్ మార్చారు, కొత్త టైటిల్ కార్డు పెట్టేటప్పుడు దాని మీద ఉండాల్సిన కాపీరైట్ నోటీసు పడలేదు, అప్పటి అమెరికా చట్టం ప్రకారం అది లేకపోతే హక్కులు పోయినట్టే. దాంతో ఎవరు పడితే వాళ్ళు కాపీలు కొట్టి అమ్ముకున్నారు, తీసినవాళ్ళకి రావాల్సిన డబ్బు రాలేదు. పాత హారర్ సినిమాల్లో ఇంత చెత్త కాపీలు చలామణిలో ఉన్నది ఇంకోటి లేదేమో, మసకగా, అంచులు కోసేసి, కొన్నిట్లో రంగులు కూడా పులిమి. ఒరిజినల్ నెగెటివ్ నుంచి 4కేలో రీస్టోర్ చేసిన ప్రింట్ 2016లో బయటికొచ్చింది, న్యూయార్క్ మ్యూజియం ఆఫ్ మోడర్న్ ఆర్ట్, ఫిల్మ్ ఫౌండేషన్ కలిసి చేయించాయి. దయచేసి మీ రివ్యూయర్ గారిని అది చూసి రాయమనండి. మసక కాపీలో అదేదో డాక్యుమెంటరీలా ఉంటుంది, బాగుచేసిన దాంట్లో హీరో డువేన్ జోన్స్ మొహం మీద చెమట కనపడుతుంది, ఇంటి కిటికీలకి చెక్కలు కొడుతున్నప్పుడు అతని కళ్ళు ఎక్కడెక్కడ వెతుకుతున్నాయో కనపడుతుంది. ఆ చివరి అయిదు నిమిషాల గురించి మాత్రం ఒక్క ముక్క కూడా రాయకండి, ఎంత రాయాలనిపించినా సరే.

నోస్ఫెరాటు రివ్యూకి కూడా వీలైతే అదే పేజీలో ఒక చిన్న సవరణ వేయండి, ఆ వీధి సీను రాత్రి సీను అని. రెండు లైన్లు చాలు.

ఇట్లు,
మీ ఆదివారం పేజీ పాఠకురాలు